రికార్డు నిండితే జావా వచ్చినట్టేనా?

నెల్లూరులో ఒక డిగ్రీ కాలేజీలో, జావా అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పే ల్యాబ్. మొదటి నెలలో పిలకాయల చేత ఏం చేయించాలన్న దాని మీద లెక్చరర్‌కూ, ఒకప్పుడు ఆయన దగ్గరే చదివి ఇప్పుడు అదే ల్యాబ్‌లో పాఠం చెప్పడానికి వచ్చిన శిష్యురాలికీ వాదన జరిగింది.

లెక్చరర్: వీళ్లు పల్లెల నించి వచ్చే పిలకాయలమ్మా. చాలామంది కీబోర్డు మీద చెయ్యి పెట్టేది ఇక్కడికి వచ్చాకే. ప్రైమ్, ఫాక్టోరియల్, ఎటు నించి చదివినా ఒకేలా ఉండే పాలిండ్రోమ్... ఈ ప్రోగ్రాములు చూసి టైపు చేయనీ, మళ్లీ మళ్లీ చేయనీ. సెమికోలన్ మరిచిపోతే, రాసిన కోడును రన్ చేసే ముందు సరిచూసి మార్చే కంపైలరే పట్టిస్తుంది. ముందు చేతికి అలవాటు కావాల.

శిష్యురాలు: చేతి అలవాటు వద్దనను సార్. కానీ కంపైలర్ పట్టేది రాతలో తప్పునే, ఆలోచనలో తప్పును కాదు. పిలకాయలు తడబడేది అక్కడే. నిన్న ఒక లెక్క ఇచ్చా. మన పుట్టి 850 కిలోలు గదా, 2000 కిలోల వడ్లు ఎన్ని పుట్లు అని. 2000 / 850 అని రాశారు. రన్ చేయకముందే జవాబు కాగితం మీద పెట్టమన్నా. రెండుంపావు, రెండున్నర అని పెట్టారు. స్క్రీన్ మీద 2 వచ్చింది.

లెక్చరర్: ఇంట్‌ను, అంటే పూర్ణాంకాన్ని, ఇంకో ఇంట్‌తో భాగిస్తే దశాంశం పోతుంది. మొదటి వారంలోనే బోర్డు మీద రాస్తా గదా.

శిష్యురాలు: మీరు రాస్తారు, వాళ్లు ఎక్కించుకుంటారు, అంతటితో సరి. తన అంచనా తప్పడం కళ్లారా చూసినవాడికి అది గుర్తుంటుంది. ‘మిగతా 300 కిలోలు ఏమైపోయినాయి మేడమ్?’ అని వాళ్లే అడిగారు. అప్పుడు శాతం గుర్తుతో శేషం తీయడం చూపించా. 850 పక్కన .0 పెట్టమంటే 2.3529 అంటూ బారెడు అంకెలు వచ్చాయి. దశాంశాలు పట్టే డబుల్ ఎందుకో వేరే చెప్పాల్సిన పని పడలేదు.

లెక్చరర్: ఒక్క లైనుకు పీరియడంతా పోయె! ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ పుట్ల లెక్క అడగడమ్మా, పాలిండ్రోమ్ అడుగుతాడు.

శిష్యురాలు: అడగనీండి. స్ట్రింగ్‌ను, అంటే అక్షరాల వరసను, తిరగేసి, రెండు సమానాల గుర్తుతో పోల్చారనుకోండి. అక్షరాలన్నీ కలిసినా పాలిండ్రోమ్ కాదనే వస్తుంది. ఆ గుర్తు చూసేది రెండూ ఒకే ఆబ్జెక్టా, అంటే మెమరీలో ఉన్న ఒకే వస్తువా అని. లోపలి అక్షరాలను పోల్చేది ఈక్వల్స్.

లెక్చరర్: పిలకాయలు ప్రోగ్రాములు రాసుకొచ్చే రికార్డు పుస్తకంలో ఈక్వల్సే ఉంది.

శిష్యురాలు: ఉంది, ఎందుకుందో లేదు. సరే, ఈక్వల్స్‌తోనే ‘వికటకవి’ పెట్టి చూడండి.

లెక్చరర్: అవునంటుంది. ఎటు నించి చదివినా అదే గదా.

శిష్యురాలు: కాదంటుంది సార్. మనకు ‘వి’ ఒక్క అక్షరం. జావాకు వ ఒక చార్, అంటే ఒక విడి గుర్తు, గుడి ఇంకో చార్. లెంగ్త్ అడిగితే 5 కాదు, 7 అంటుంది. తిరగేస్తే గుడి మొదటికొచ్చి, ఉత్త వ చివర్న మిగుల్తుంది.

లెక్చరర్: బాగుంది. మరి ఇది మొదటి నెలలో చెప్పేదా?

శిష్యురాలు: పాఠంగా చెప్పను. లెంగ్త్ ఎంతొస్తుందో రాయమంటా, అంతే.

లెక్చరర్: వెనక బెంచీలో కూర్చునే వాడి సంగతి చెప్పు. తప్పవుతుందని భయపడి వాడు ఏ అంచనా రాయడు. పక్కవాడి కాగితం చూస్తాడు. చూసి టైపు చేసే పనైతే వాడి స్క్రీన్ మీద కూడా ఏదో ఒకటి వస్తుంది, వాడికీ ధైర్యం వస్తుంది. ఆ ధైర్యం నువ్వు తీసేయకూడదు.

శిష్యురాలు: ఆ మాట నిజం సార్. అయితే మొదటి వారం మీ పద్ధతే, చూసి టైపు చేయనీండి. రెండో వారం నించి రికార్డులో ఎడమ పక్క తెల్ల పేజీ నాకివ్వండి. రన్ చేయకముందు అంచనా, దాని కింద వచ్చిన అవుట్‌పుట్. రెండూ కలవకపోతే ఎందుకో ఒక్క వాక్యం. తప్పు అంచనాకు మార్కులు తీసేది లేదు.

లెక్చరర్: తప్పును కొట్టేసి సరైంది రాసుకొస్తే?

శిష్యురాలు: ఆ పేజీకి మీరు సంతకం పెట్టొద్దు.

లెక్చరర్: పెట్టను. తప్పు తప్పుగానే కనపడాల. సోమవారం రెండో బ్యాచ్‌తో మొదలుపెట్టు, ఆ వెనక బెంచీ దగ్గర నేను నిలబడతా.