గ్లోవు ఉబ్బితే వంకర బంతి

ఏప్రిల్ ఆదివారం మధ్యాహ్నం, ఆస్టిన్. యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ వాళ్ల బేస్‌బాల్ గ్రౌండు డిష్-ఫాక్ ఫీల్డులో మూడో బేస్ వైపు ఒక్కణ్ణే కూర్చున్నాను. నా ముందు వరుసలోకి ఇద్దరు పెద్దవాళ్లు వచ్చారు. ఆయన నెత్తిన కాల్చిన ఇటుక రంగు టోపీ, చేతిలో స్కోరు కాయితం, చెక్కిన పెన్సిలు. ఆవిడకి కాటన్ చీర, స్పోర్ట్స్ షూలు, చంకలో పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ సంచి. సంచిలో ఏముందో ఊరంతటికీ కనబడాలని ఇక్కడ రూలు.

తెలుగువాళ్లని తెలుస్తూనే ఉంది. పలకరిస్తే ఏ ఊరు, ఎవరబ్బాయివి అని మొదలై నాలుగు ఇన్నింగ్సులు అందులోనే పోతాయి. అందుకని తెలుగు రానట్టు కూర్చున్నాను. చెవులు మాత్రం మూసుకోలేదు.

ఆవిడ: వెనక నీడలో అన్ని సీట్లు ఖాళీగా ఉంటే ఈ ఎండలో కూర్చోబెట్టారేం?

ఆయన: అల్లుడిచ్చిన టిక్కెట్లు. ఊరికే వచ్చినవాటికి నీడా ఎండా చూస్తామా?

(అంటూ కుడిచెవి తమ్మె నలుపుకున్నారు. అప్పుడు నేను పట్టించుకోలేదు.)

ఆవిడ: రాత్రి పెసరట్లు తింటూ అల్లుడు నాకేం చెప్పలేదే.

ఆయన: అన్నీ చెప్తారా? అదుగో, మొదలైంది. ఆ మట్టి దిబ్బ మీదున్నవాడే పిచ్చర్.

ఆవిడ: బౌలరన్నమాట.

ఆయన: బౌలరు కాదన్నానా! అక్కణ్ణుంచి బ్యాట్స్‌మన్ దగ్గరికి 60 అడుగుల 6 అంగుళాలు. పరిగెత్తుకుంటూ రాడు. నిలబడి విసురుతాడు.

ఆవిడ: మోచెయ్యి వంచుతున్నాడు. నోబాల్ ఇవ్వరా?

ఆయన: ఇక్కడ వంచే విసురుతారు.

ఆవిడ: అయితే ఆ మురళీధరన్ని అన్నేళ్లు ఊరికే ఏడిపించారు పాపం.

టింగ్‌మని శబ్దం వచ్చింది.

ఆవిడ: ఎవరిదో గిన్నె పడింది.

ఆయన: అది బ్యాటు. కాలేజీవాళ్లకి అల్యూమినియం బ్యాట్లు. 1974 నుంచి ఒప్పుకున్నారు. పెద్ద లీగుల్లో అయితే ఇప్పటికీ కర్రే.

ఆవిడ: మరి పిల్లలకెందుకు మార్చారు?

ఆయన: కర్రవి విరిగిపోతుంటాయి. కాలేజీలకి ఖర్చు.

ఆవిడ: మా అమ్మ పెట్టిన ఇత్తడి గిన్నెలు మార్వాడీకి తూచి అల్యూమినియం తెచ్చిననాడు మీరూ ఈ మాటే అన్నారు.

ఆయన పెన్సిలుతో కాయితం మీద ఏదో గట్టిగా గీశారు. మూడో ఇన్నింగ్సుకి అవతలి జట్టు 3, టెక్సస్ సున్నా.

ఆవిడ: ఆరు, నాలుగు, మూడు అని రాశారు. పాల లెక్కా?

ఆయన: ఒక్కో చోట నిలబడ్డవాడికి ఒక్కో నంబరు. షార్ట్‌స్టాప్ 6, రెండో బేస్ దగ్గరవాడు 4, మొదటి బేస్ దగ్గరవాడు 3. బంతి 6 చేతిలోంచి 4కి, అక్కణ్ణుంచి 3కి. ఒక్క దెబ్బకి ఇద్దరవుట్.

ఆవిడ: ఇంట్లో పాల లెక్క రాయండంటే ఎప్పుడైనా రాశారా? ముప్ఫై ఎనిమిదేళ్లూ గోడ మీద బొగ్గుతో నేనే గీసుకున్నాను.

ఆయన: గోడలు పాడయ్యాయి.

ఆవిడ: అదుగో, ఆ దడి దగ్గర ఓ పెద్దాయన కూడా పిల్లల్లాగే బిగుతు ప్యాంటూ, టోపీ. మనవళ్లతో ఆడుకోవాల్సిన వయసు.

ఆయన: ఆయన కోచ్. ఈ ఆటలో కోచ్ కూడా ఆటగాళ్ల బట్టలే వేసుకుంటాడు.

ఆవిడ: బాగానే ఉంది. మీరు మాత్రం ఆ సరదా పెట్టుకోకండి. ఆ పిల్లలేమిటి, నోట్లో ఏదో నములుతూ తుపుక్ తుపుక్‌మని ఊస్తున్నారు?

ఆయన: పొద్దుతిరుగుడు గింజలు. పొట్టు ఊస్తారు. ఊరికే కూర్చోకుండా.

ఆవిడ: యూనివర్సిటీ చదువులని పంపితే! తల్లి చూస్తే వీపు చిట్లగొడుతుంది.

నాలుగో ఇన్నింగ్సులో టెక్సస్ కుర్రాడొకడు బ్యాటు అక్కడే పడేసి తాపీగా మొదటి బేస్‌కి నడుచుకుంటూ వెళ్లాడు.

ఆవిడ: అదేమిటి, ఏమీ కొట్టకుండా వెళ్లిపోతున్నాడు?

ఆయన: పిచ్చర్ నాలుగు చెడ్డ బంతులు వేశాడు. అలా వేస్తే ఊరికే ఒక బేస్ ఇస్తారు. చెడ్డ బంతిని కదిలించకుండా ఊరుకోవడమే గొప్ప. మంచి కన్ను ఉండాలి.

ఆవిడ: ఊరుకోవడం గొప్పయితే మిమ్మల్ని ఈపాటికి కెప్టెన్ని చేసేవాళ్లు.

ఆయన: ష్! వీడు కదులుతున్నాడు చూడు. పరిగెత్తాడు! రెండో బేస్! భలే భలే! దీన్నే దొంగతనం అంటారు. స్టీల్.

ఆవిడ: పోలీసులు పట్టుకోరా?

ఆయన: పట్టుకుంటే అవుట్. దొరక్కపోతే వాడి పేరు మీద గొప్పగా రాసిపెడతారు.

ఆవిడ: అర్థమైంది. ఆస్తి పంపకాల్లో మా బావగారు చేసిందిదే. ఆయన రెండో బేస్ దాటి పొలం గట్టు దాకా వెళ్లిపోయారు. మీరింకా మొదటి బేస్ దగ్గర ప్యాంటు దులుపుకుంటున్నారు.

ఇక్కడ నాకు నవ్వాగలేదు. దగ్గినట్టు సర్దుకున్నాను. తరవాతి బ్యాట్స్‌మన్ కొట్టిన దెబ్బకి ఆ దొంగ బేస్‌లన్నీ చుట్టి, బయల్దేరిన చోటికి, అంటే ఇల్లు చేరాడు. 3-1. ఆ సంతోషంలో ఆయన లేచి వెళ్లి పెద్ద గ్లాసు నిమ్మరసం తెచ్చుకున్నారు.

ఆవిడ: చక్కెర వేయించారా?

ఆయన: ఒక్క పలుకు కూడా వద్దన్నాను.

(మళ్లీ చెవి తమ్మె. ఈసారి చూశాను.)

ఆవిడ ఆయన మొహాన్ని కాసేపు చూసి, గ్లాసు తీసుకుని తానే తాగేశారు. తరవాత మాట్లాడకుండా గ్రౌండు వైపు తిరిగారు. ఆ నిశ్శబ్దాన్ని ఆయన శ్రద్ధ అనుకుని చరిత్ర ఎత్తుకున్నారు.

ఆయన: ఈ గ్రౌండు 1975లో కట్టారు. అంతకుముందు పాత గ్రౌండులో, ఫీల్డు వెనకవైపు మధ్యలో సున్నపురాయి గుట్ట ఉండేదట. బంతి గుట్ట మీద పడితే ఫీల్డరు మేకలా ఎక్కి తెచ్చేవాడు. దాన్ని మేకపోతు గుట్టనే అనేవాళ్లు. వీళ్లు దేశంలోని కాలేజీల పోటీలో ఛాంపియన్లయింది ఆరుసార్లు. 1949, 1950, 1975, 1983...

ఆవిడ: ఇప్పుడు వంకర బంతి వేస్తాడు.

ఆయన: ...2002, 2005. ఏమన్నావు?

బంతి బ్యాట్స్‌మన్ ఛాతీ ఎత్తున వచ్చి, చివర్లో మోకాళ్ల దగ్గరికి జారిపోయింది.

ఆవిడ: ఇప్పుడేసేది తిన్ననిది.

తిన్ననిదే.

ఆవిడ: ఇదీ తిన్ననిదే. ఆ తరవాత వంకర.

ఆయన: నీకెలా తెలుస్తోంది?!

ఆవిడ: ఆ పిల్లాడు చేతికి తగిలించుకున్న దిండు చూడండి.

ఆయన: గ్లోవు.

ఆవిడ: అదే. తిన్నగా వెయ్యాలంటే బంతి లోపల ఊరికే ఉంటుంది. వంకరది వెయ్యాలంటే లోపల వేళ్లు సవరించుకుంటాడు. దిండు ఉబ్బుతుంది. మొహంలో మాత్రం ఏమీ ఎరగనట్టు.

ఆయన చూశారు. నేనూ చూశాను. ఏళ్ల తరబడి ఈ ఆట చూస్తున్నవాణ్ణి, సిగ్గుతో చెప్తున్నాను, ఆవిడ చెప్పేదాకా నాకు కనబడలేదు. ఆరు బంతులు లెక్కపెట్టాను. ఆరుకి ఆరు సరిపోయాయి.

ఆయన: నువ్వు... ఇదెలా పట్టావే?

ఆవిడ: ముప్ఫై ఎనిమిదేళ్ల ప్రాక్టీసు. మీరు అబద్ధమాడే ముందు చెవి తమ్మె నలుపుకుంటారు.

ఆయన: నేనా? ఎప్పుడు?

ఆవిడ: 1998లో స్కూటరు డబ్బు మీ తమ్ముడికిచ్చి, జేబు కొట్టేశారన్నప్పుడు. ఇందాక నిమ్మరసంలో చక్కెర లేదన్నప్పుడు. గడ్డకట్టిన పానకంలా ఉంది, గొంతు దిగలేదు.

చెవి వైపు బయల్దేరిన ఆయన చెయ్యి సగం దారిలో ఆగిపోయింది. టోపీ సర్దుకుంది.

ఆయన: అది సరే. మన కుర్రాడికి చెప్తే? అరవనా?

ఆవిడ: తెలుగులో అరవండి. ఆస్టిన్ కదా, సగం మందికి అర్థమవుతుంది.

ఆరో ఇన్నింగ్సు. మొదటి బేస్ మీద ఒకడున్నాడు. పిచ్చర్ గ్లోవు ఉబ్బింది. ఆయన లేచి నిలబడి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, పొలంలో ఎద్దుల్ని అదిలించే గొంతుతో అరిచారు.

ఆయన: వంకరరా అబ్బాయ్! వంకరా!

టింగ్! బంతి ఎడమవైపు గోడ దాటింది. రెండు పరుగులు. 3-3. చుట్టూ ఉన్నవాళ్లంతా లేచి, చూపుడువేలూ చిటికెనవేలూ కొమ్ముల్లా ఎత్తి ఊగుతున్నారు.

ఆయన: విన్నాడు! నా మాట విన్నాడే!

ఆవిడ: ముప్ఫై ఎనిమిదేళ్లలో మీ మాట విన్న మొదటి మనిషి. ఊరూ పేరూ కనుక్కోండి.

ఆయన: అందరూ వేళ్లెత్తారు, నువ్వూ ఎత్తు. వీళ్ల ఎద్దు గుర్తది. కొమ్ము పొడుగు ఎంతుంటుందో తెలుసా?

ఆవిడ: ఎద్దుల గురించి ఒంగోలు ఆడపడుచుకి చెప్తున్నారా? కొమ్ము పొడుగైతే చాలా? మూపురమేదీ?

ఈలోగా ఆ బిగుతు ప్యాంటు వేసుకున్న పెద్దాయన లాంటివాడే అవతలి జట్టుకీ ఒకడున్నాడు. ఆయన దిబ్బ మీదికి నడిచి వెళ్లి, ఆ పిల్లాడి చేతిలోంచి బంతి తీసేసుకున్నాడు. పిల్లాడు తల దించుకుని వెళ్లిపోయాడు.

ఆవిడ: అయ్యో, ఏమన్నాడండీ? అందరి ముందూనా? నేనేదో ఊరికే అన్నాను.

ఆయన: నీవల్ల కాదులే.

ఆవిడ: మీరే కదా అరిచింది! తింటానంటే ఆ పిల్లాడికి రెండు చెగోడీలు ఇచ్చి వద్దును.

ఆయన: బయటి తిండి తేవద్దన్నారు గేటు దగ్గర. సంచిలో లేవే?

ఆవిడ: మీ కోటు జేబులో పెట్టాను. అందుకే కదా ఎండలో కోటు వేయించింది.

ఆయన జేబు తడుముకుని, అటూ ఇటూ చూసి ఒకటి నోట్లో వేసుకున్నారు. కరకరమన్న చప్పుడుకి నా నోట్లో నీళ్లూరాయి. కొత్త పిచ్చర్ వచ్చాడు. ఆవిడ రెండు నిమిషాలు పరీక్షగా చూసి పెదవి విరిచారు.

ఆవిడ: వీడి దగ్గర ఏమీ కనబడదు. మా పెద్ద ఆడపడుచు మొహమే. పెళ్లికీ చావుకీ ఒకటే.

ఏడో ఇన్నింగ్సు మధ్యలో జనమంతా లేచి నిలబడ్డారు. ఆవిడ సంచి చంకన పెట్టుకుని మెట్ల దాకా వెళ్లిపోయారు. ఒళ్లు విరుచుకోడానికి లేచారంతే, ఆట అయిపోలేదని వెనక్కి పిలుచుకొచ్చారు ఆయన. ఎనిమిదో దాంట్లో ఏమీ జరగలేదు.

ఆవిడ: సమానంగా ఉంటే ఏం చేస్తారు? చెరి సగం అనుకుని వెళ్లిపోతారా?

ఆయన: డ్రా అనేది ఉండదు. ఎవరో ఒకరు గెలిచేదాకా ఆడతారు. 2009 మే 30న ఇదే గ్రౌండులో టెక్సస్, బోస్టన్ కాలేజీ తొమ్మిదితో ఆగకుండా 25 ఇన్నింగ్సులు ఆడారు. 7 గంటల 3 నిమిషాలు. అర్ధరాత్రి దాటింది. చివరికి 3-2.

ఆవిడ: ఆ చూసినవాళ్ల ఇళ్లల్లో అన్నం ఎవరు వండారు?

ఆయన: నేనేం చెప్తున్నాను, నువ్వేం అడుగుతున్నావు! ఆస్టిన్ వుడ్ అని ఒక కుర్రాడు మధ్యలో దిగి 13 ఇన్నింగ్సులు బంతి వేశాడు. అందులో 12కి పైగా ఒక్క హిట్ లేదు. ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆవిడ: మీ చెల్లెలి పెళ్లికి పదహారు రోజులు పొయ్యి దగ్గర ఒక్కదాన్నే నిలబడ్డాను. ఎవరైనా చెప్పుకున్నారా? అప్పుడీ పెన్సిలు ఎక్కడుంది?

ఆయన జవాబు వెతుక్కుంటుండగానే తొమ్మిదో ఇన్నింగ్సు రెండో సగం వచ్చింది. ఇద్దరవుట్. మూడు బేస్‌లూ నిండి ఉన్నాయి. ఆ రాతిమొహం పిచ్చర్‌కి చెమటలు పడుతున్నాయి. ఒక చెడ్డ బంతి. రెండు. ఒక మంచిది. మూడో చెడ్డది. ఆయన గోళ్లు కొరుకుతున్నారు. ఆవిడ చెగోడీ చేత్తో పట్టుకుని కొరకడం మర్చిపోయారు. నాలుగో చెడ్డ బంతి. బ్యాట్స్‌మన్ కదల్లేదు. అలాగే మొదటి బేస్‌కి నడిచాడు. ఒకర్నొకరు తోసుకుంటూ అందరూ ఒక్కో బేస్ ముందుకి జరిగారు. మూడో బేస్‌మీదివాడు ఇల్లు చేరాడు. 4-3. అంతే, ఆట అయిపోయింది.

ఆవిడ: ఇదేం గెలుపండీ? ఎవరూ ఏమీ కొట్టలేదు!

ఆయన: ఊరుకున్నాడు, గెలిచాడు. చెప్పానా?

ఆవిడ: మనింట్లో మీరు గెలిచినవన్నీ ఇలాంటివే. పదండి. ఒక్క మాట చెప్పండి, టిక్కెట్లు ఎవరు కొన్నారు?

ఆయన రెండు చేతులూ స్కోరు కాయితానికి అతుక్కుపోయాయి.

ఆయన: అల్లుడే.

ఆవిడ: చేతులు కట్టేసుకుంటే తెలియదనుకున్నారా? ఎంతయింది?

ఆయన: అల్లుణ్ణి అడుగు.

ఆవిడ చటుక్కున వెనక్కి తిరిగారు.

ఆవిడ: బాబూ, ఇక్కడ టిక్కెట్టు ఎంత?

నేను ఇంగ్లీషులో సారీ అనబోయాను.

ఆవిడ: నటించకు. మా బావగారి పొలం గట్టు మాటకి నవ్వి దగ్గావు. నువ్వెంత పెట్టి కొన్నావు?

ఆవిడ భుజం మీంచి ఆయన నన్నే చూస్తున్నారు. టోపీ తీసి గుండెలకి హత్తుకున్నారు. అంత దీనంగా ఏ బ్యాట్స్‌మనూ అంపైర్‌ని చూసి ఉండడు.

నేను: నాకు తెలీదండీ. మా ఫ్రెండ్ ఊరికే ఇచ్చాడు.

ఆవిడ ఏమీ అనలేదు. నా చెయ్యి వైపు చూస్తున్నారు. నేనూ చూసుకున్నాను. చెవి మీదుంది.