42వ వాల్యూమ్‌కి రివ్యూ ఎందుకంటే

కామిక్స్, మాంగా (జపాన్ కామిక్స్) చదివేవాళ్ల మధ్య ఈమధ్య ఒక మాట బాగా తిరుగుతోంది. నడుస్తున్న సిరీస్‌లో కొత్తగా వచ్చిన వాల్యూమ్‌కి, అంటే విడివిడిగా వచ్చిన అధ్యాయాలను కలిపి వేసిన పుస్తకానికి, రివ్యూ రాయడం దండగట. అప్పటిదాకా చదివినవాడు ఎలాగూ కొంటాడు, చదవనివాడికి ఆ రివ్యూ అర్థం కాదు, కథ ముగియకముందే తీర్పు చెప్పడం అన్యాయం, పైగా కథంతా బయటపెట్టేస్తారు. ఇవీ వాళ్లు చెప్పే నాలుగు కారణాలు. ఏళ్లుగా ఈ రివ్యూలు చదువుతూ, రాస్తూ ఉన్న నేను ఈ మాట ఒప్పుకోను.

ఎక్కువమంది నమ్మేది మొదటిదే, "ఎలాగూ కొంటాడు" అన్నది. బెర్సెర్క్ సంగతి చూడండి. 1989లో మొదలైన ఈ మాంగాని గీసిన కెంటారో మియురా 2021 మే నెలలో చనిపోయారు. ఆయన చివరి అధ్యాయం 41వ వాల్యూమ్‌లో వచ్చింది. మరుసటి ఏడాది సిరీస్ మళ్లీ మొదలైంది. మియురా దగ్గర పనిచేసినవాళ్లున్న స్టూడియో గాగా బొమ్మలు గీస్తుంటే, ఆయన హైస్కూల్ నాటి స్నేహితుడు కౌజీ మోరి, మియురా ఎప్పుడో తనకు చెప్పిన కథను గుర్తు తెచ్చుకుంటూ నడిపిస్తున్నారు. అలా 2023లో 42వ వాల్యూమ్ వచ్చింది. 41 వాల్యూమ్‌లు చదివిన మనిషి దాన్ని కళ్లు మూసుకుని కొంటాడా? గీత అదేనా, ఆ చీకటి అలాగే ఉందా, ఇక్కడితో ఆపేస్తే మేలా అని మథనపడతాడు. నేనూ పడ్డాను. రెండు వాల్యూమ్‌లూ పక్కపక్కన తెరిచి చూసుకున్నాను. కోటలు, కవచాలు, వెనకాల ఆకాశం చూస్తే చెయ్యి మారిందని నాకు అనిపించలేదు. ముఖాల దగ్గరికొచ్చేసరికి, అందులోనూ ఎవరూ మాట్లాడని ప్యానెల్స్‌లో (పేజీలో ఒక్కో బొమ్మ ఉండే గడుల్లో), ఏదో తక్కువైంది. ఈ రెండు ముక్కలూ తెలియాల్సింది ఎవరికి? అంతవరకూ చదివినవాడికే.

అసలు జపాన్ పత్రికలే పాఠకుడు ఎలాగూ కొంటాడని అనుకోవు. వీక్లీ షోనెన్ జంప్ ఏ కథలు నచ్చాయో చెప్పమని పాఠకుల్ని అడుగుతూనే ఉంటుంది. ఆ జాబితాలో అడుగున పడిన సిరీస్ కొన్ని నెలలకే ముగిసిపోవచ్చు. సంపాదకులకు లేని ధీమా మనకెందుకు?

చదవనివాడికి అర్థం కాదన్నది సగం నిజం. కానీ ఈ లెక్కలో చదివి మరిచిపోయినవాడు లేడు. హంటర్ × హంటర్ అనే మాంగా 36వ వాల్యూమ్ 2018లో వస్తే, 37వది రావడానికి 2022 నవంబరు అయింది. ఆ ఘట్టంలో సింహాసనం కోసం కొట్టుకునే రాజసంతానమే 14 మంది. వాళ్ల అంగరక్షకులు, శక్తులు, ఎత్తులు వేరే. నాలుగేళ్ల తర్వాత పుస్తకం తెరిచినవాడికి ఎవరు ఎవరి పక్షమో రెండు పేరాల్లో గుర్తుచేసే రివ్యూ ఎంత సాయమో, ఆ స్థితిలో ఉన్నవాడికే తెలుస్తుంది.

ఇక కథ ముగిశాకే తీర్పు చెప్పాలనే వాదన. దీనికి ఓపికగా జవాబు చెప్పాలి, ఎందుకంటే ఇది పైకి చాలా న్యాయంగా కనిపిస్తుంది. నానా అనే మాంగా 21 వాల్యూమ్‌లు వచ్చి 2009లో ఆగింది. వాగబాండ్ అనే ఇంకో మాంగా 37 వచ్చి 2015లో ఆగింది. ముగింపు వస్తే గానీ మాట్లాడకూడదంటే వీటి గురించి ఇప్పటికీ నోరు విప్పకూడదు. పైగా వాల్యూమ్ అంటే వారం వారం వచ్చిన పేజీలను కుట్టిన కట్ట మాత్రమే కాదు. పత్రికలో పెన్సిల్ గీతల్లా, అరకొరగా అచ్చయిన హంటర్ × హంటర్ పేజీలను దాని రచయిత తొగాషి తర్వాత పుస్తకం కోసం సరిచేసి గీశారు. ఆ తేడా గురించి రాయాల్సింది పుస్తకం వచ్చినప్పుడే కదా.

ఇంకోటుంది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. అమెరికన్ కామిక్ సాగా 54వ సంచికతో, అంటే 9వ వాల్యూమ్ చివర, గుండె మీద గుద్దినట్టు ఆగిపోయింది. అది 2018 జులై. మళ్లీ 2022 జనవరిలో గానీ రాలేదు. ఈరోజు 9, 10 వాల్యూమ్‌లు ఒకే రాత్రి చదివేవాడికి ఆ మూడున్నరేళ్లు లేవు. ఆ చివరి పేజీ అప్పట్లో ఎంత బరువుగా ఉండిందో, తర్వాత ఏమవుతుందో తెలియని స్థితిలో రాసిన రివ్యూల్లోనే మిగిలింది. వాటిలో కొన్ని అంచనాలు తప్పాయి. అలా తప్పి ఉన్నందుకే అవి నాకు విలువైనవి.

కథ బయటపెట్టేస్తారన్న ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే. కథ మొత్తం తిరగరాసి చివర్లో నాలుగు నక్షత్రాలు పెట్టేవాళ్లున్నారు, వాళ్లను నేను వెనకేసుకురాను. కానీ కథ చెప్పకుండా రాయడం కుదరదని అనకండి. మాంగాని కుడి నుంచి ఎడమకి చదువుతాం కాబట్టి, పేజీ తిప్పే ముందు చూపు ఎడమ పేజీ అడుగున, ఎడమ మూలలో ఆగుతుంది. ఒక పాత్ర తలుపు మీద చెయ్యి వేసింది అక్కడ అనుకోండి. అంతకుముందు మూడు ప్యానెల్స్ ఒట్టి నడవా, ఒక్క మాట కూడా లేదు. పేజీ తిప్పితే రెండు పేజీలూ నిండిన బొమ్మ. ఆ బొమ్మలో ఏముందో నేను చెప్పను. ఆ నడవాని మూడు ప్యానెల్స్ సాగదీశారని, పేజీ అంచున నా వేలు కాసేపు అలాగే ఉండిపోయిందని రాస్తాను.