గ్లూకోజ్ ఎక్కించే ముందు ఒక్క చుక్క రక్తం

మే నెలలో ఉదయగిరి వైపు ఏ పిల్లాడైనా వాంతులై, నోరు పిడచగట్టుకుపోయి సోలిపోతే ఇంట్లోవాళ్లకు మొదట తోచేది వడదెబ్బే. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి ఎత్తుకెళ్లి ‘ఒక గ్లూకోజ్ ఎక్కించయ్యా’ అంటారు. చాలామంది తేరుకుంటారు కూడా. కానీ ఆ పిల్లాడికి అప్పటిదాకా బయటపడని టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ తయారుకాక, పిల్లల్లోనూ వచ్చే షుగర్) ఉంటే, చక్కెర పొంగిపోతున్న రక్తంలోకి మళ్లీ చక్కెర నీళ్లే ఎక్కుతాయి.

ఇది వడదెబ్బ కాదని గుర్తుపట్టొచ్చు. ఒంట్లో నీరు తగ్గితే మూత్రం తగ్గాలి. ఈ పిల్లలు ఎండిపోతూ కూడా పోస్తూనే ఉంటారు. మూత్రంలోకి దిగే చక్కెర నీటినీ లాక్కుపోతుంది. పక్క తడపడం మానేసిన బిడ్డ మళ్లీ తడుపుతుంది. లోతుగా, ఆగకుండా ఊపిరి తీస్తుంటే నిమ్ము అనుకుంటారు, కడుపునొప్పి అంటే గ్యాస్ అంటారు. గ్లూకోమీటరు పెడితే అరనిమిషంలో తేలిపోయే సంగతి. కాకపోతే ఆ మిషను ముప్పై దాటినవాళ్ల కోసమే బయటికొస్తుంది. షుగరంటే పెద్దల జబ్బని నేనూ చాలాకాలం అనుకున్నాను.

ఉదయగిరి నుంచి నెల్లూరు పెద్దాసుపత్రికి దాదాపు వంద కిలోమీటర్లు. చేరాక భారమంతా నర్సు మీదే. ఇరవై కిలోల పిల్లాడికి మొదటి గంటలో 200 నుంచి 400 మిల్లీలీటర్ల నార్మల్ సెలైన్. తర్వాత ఒకటి రెండు రోజుల పాటు గంటకు 90 మిల్లీలీటర్లకి కాస్త అటూఇటూ. పిల్లల డ్రిప్ సెట్‌లో మిల్లీలీటరుకు 60 చుక్కలు. అంటే వాచీ చూస్తూ నిమిషానికి 90 చుక్కలు లెక్కపెట్టాలి. ఇన్సులిన్ కనీసం గంట ఆగాకే మొదలవుతుంది. రక్తంలో చక్కెర 300 కిందికి దిగినప్పుడు, అది మరీ పడిపోకుండా, ఊళ్లో అడిగిన ఆ గ్లూకోజే ఇప్పుడు సెలైన్‌లో కలుపుతారు!

వీళ్లలో మెదడు వాచేది వందలో ఒకరికి లోపే. వస్తే మాత్రం ప్రాణం మీదికొస్తుంది. తలనొప్పి, నాడి నెమ్మదించడం, పిలిస్తే విసుక్కోవడం దాని గుర్తులు. ఆ విసుగును ఏ మానిటరూ పట్టలేదు. ‘ఇప్పుడే నిద్రపోయాడమ్మా, లేపొద్దు’ అని తల్లి బతిమాలినా గంటగంటకూ లేపి పేరు అడగాల్సిందే.

అందుకే కొత్త పరికరాల కంటే ముందు, ఇలాంటి బిడ్డ చేరిన రాత్రి ఆ మంచానికి విడిగా ఒక నర్సును ఇవ్వాలంటాను. వార్డంతటికీ ఒక్కతే ఉంటే ఆ గంటగంట చార్టు తెల్లవారుజామున ఒకేసారి నిండుతుంది. ఆమెను నేను తప్పుపట్టను.