పాపం, షెపర్డ్ డాక్టరు గారు!

1926లో పుస్తకంగా వచ్చిన అగాథా క్రిస్టీ డిటెక్టివ్ నవల ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’లో హంతకుడు ఎవరో కాదు, మనకు కథ చెబుతున్న డాక్టరే. గుట్టు విప్పేశామని కోప్పడకండి, వందేళ్లు ఓపిక పట్టాం. ఆ డాక్టర్ షెపర్డ్‌కు జరిగిన అన్యాయం మీద గోదావరి డెల్టా ఇప్పటికైనా నోరు విప్పాలి.

ఇంతకీ ఏం చేశాడని? మొగుడికి విషం పెట్టిన ఫెరార్స్ అనే ఆవిడను బెదిరించి ఇరవై వేల పౌన్లు గుంజాడు. అందులో చాలా భాగం పెట్టుబడుల్లో పోగొట్టుకుని, ఆవిడను మళ్లీ గట్టిగా పిండాడు. భీమవరం వైపు తెల్లమచ్చ తెగులు తగిలి రొయ్యల చెరువు పోతే, పోయింది రాబట్టాలని అదే చెరువులో మళ్లీ సీడు వదలడం లేదూ? అలాంటిదే. కాకపోతే ఇక్కడ చెరువు తాళలేక ప్రాణం తీసుకుంది.

హత్యలో పనితనం మాత్రం చూడండి. 8:50కి గదిలోంచి బయటపడ్డాడు, అప్పటికే లోపల పని పూర్తి. టైముకి దానంతటదే మాట్లాడేలా అమర్చిన డిక్టాఫోన్, అంటే గొంతు రికార్డు చేసి వినిపించే యంత్రం, బల్ల మీద. తలుపు దగ్గర్నుంచి అది కనబడకుండా అడ్డంగా లాగిన పెద్ద కుర్చీ. చుట్టూ తిరిగొచ్చి, ఇంకొకడి బూట్లు తొడుక్కుని, కిటికీ గట్టు మీద గుర్తులు వేసి, లోపలికి దూకి తలుపు గడియ పెట్టి, తొమ్మిదికల్లా గేటు దగ్గర తేలాడు. 9:30కి చచ్చినాయన గొంతు సెక్రటరీకి వినబడింది. 10:15కి రైల్వే స్టేషన్ నుంచి తన పేషెంటు చేతే ఫోన్ చేయించుకుని, ఆ వంకతో తిరిగొచ్చి యంత్రాన్ని మందుల సంచిలో వేసుకున్నాడు.

పట్టుబడింది దేనికంటారు? కుర్చీ జరిగి ఉందట! ఐదు నిమిషాల నడకకు పది నిమిషాలు పట్టిందట!

ఇదే కోనసీమలో అయితేనా? ఇక్కడ పడక్కుర్చీ పొద్దున వీధి వైపు, మధ్యాహ్నం ఫ్యాను కింద, సాయంత్రం పెరట్లో ఉంటుంది. జరగని కుర్చీనే అనుమానించాలి. ఇక ఐదు నిమిషాల దూరమా? ‘ఆయ్, ఎక్కడ్నుంచండీ డాక్టరు గారూ, ఈ వేళప్పుడు? ఓసారి మా బావగారి బీపీ చూసెళ్లండీ’ అంటూ ప్రతి అరుగూ ఆపుతుంది. గంటలోపు గేటు చేరితే అప్పుడు పట్టుకోవాలి పోలీసులు. స్టేషన్ ఫోన్ ఒక్కటే చిక్కు. కోటిపల్లిలో ఆగిన రైలు ఇంకా అమలాపురం చేరనే లేదు. పేషెంటును ఆర్టీసీ కాంప్లెక్సుకు పంపాల్సి వచ్చేది, అక్కడి గోలలో ఫోన్లో ఏం చెప్పినా ఒకటే.

అంటే ఆయన దోషం ఊరి ఎంపికే. పైగా పక్కింట్లో, పదవీ విరమణ చేసి గుమ్మడి జాతి కాయలు పండించుకుంటున్న డిటెక్టివ్ పొయిరో. పాదు మీద విసుగొచ్చి కాయను గోడవతలికి విసిరేసిన మనిషి, డాక్టరు మీద జాలి చూపిస్తాడా?

మనం చూపిస్తాం. మొదటి పేజీ నుంచీ ఆయన నోటి వెంటే విన్నాం మరి. చెల్లినో అక్కనో ఆడిపోసుకుంటూ, చక్కగా, మర్యాదగా చెప్పాడు. ఫెరార్స్ ఏం చెబుతుంది? మొదటి వాక్యంలోనే పోయింది. ఇక రెండో ఆయన... అదే, ఆ బాకు పోటుకు పోయినాయన... పేరు పుస్తకం అట్ట మీద ఉంటుంది, చూసి చెప్పాలి.