పెరడు లెక్కలోకి రాలేదు
ఇండోనేసియాలోని జావా దీవిలో అర ఎకరం మడి ఉన్న రైతుకు ఆస్తి లేనట్టేనని మీ వ్యాసంలో రాశారు, నేను ఒప్పుకోను. పెరటిని మరిచారు. దాన్ని అక్కడ పెకరంగన్ అంటారు. మధ్య జావాలోని క్లాటెన్ దగ్గర ఓ పల్లెలో మా సహోద్యోగి అత్తగారింట్లో రెండు రోజులున్నాను. ఇంటి చుట్టూ కొబ్బరి, అరటి, బొప్పాయి, కర్రపెండలం, వెనక మేకల కొట్టం. ఆ రెండు రోజులూ ఆవిడ కూరగాయలు కొనలేదు. ఆ ఇంటివాళ్లు సాగుచేసే మడి మాత్రం వేరేవాళ్లది, పంటలో సగం వాళ్లకివ్వాలి. ఆ పద్ధతి పేరు 'మరో' (మన 'ఇంకో' కాదు!), అచ్చం మన సగపాలే. చేతిఖర్చుకు డబ్బు జకార్తాలో కొడుకు పంపాల్సిందే. రంజాన్‌కి అతను బైకు మీదే వస్తాడట, దాదాపు 550 కిలోమీటర్లు, వెనక భార్య, మధ్యలో పిల్లాడు, సీటు చివర కట్టిన అట్టపెట్టె.