పీడీఎఫ్‌కు తాళం వేస్తే పైరసీ ఆగుతుందా?

గ్రూప్స్ నోటిఫికేషన్ వచ్చిందంటే చాలు, ఎవరో నెలల తరబడి కూర్చుని రాసిన మెటీరియల్ పీడీఎఫ్ అయి టెలిగ్రామ్ చానెళ్లలో తిరుగుతుంది. ఇది తెలిసిన రచయితలు ముందుగా చేసే పని ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టడం. దాంతో టెన్షన్ తీరిందనుకుంటారు.

తీరదు. పీడీఎఫ్‌లో పాస్‌వర్డ్‌లు రెండు రకాలు. ఒకటి ఫైలు తెరవడానికి అడిగేది. అది గట్టిదే కానీ, కొన్నవాళ్లకు చెప్పక తప్పదు. వాళ్లు ఇంకొకరికి చెబితే ఆపలేం. రెండోది కాపీ, ప్రింట్ వద్దనేది. ఆ మాట వినాలా వద్దా అన్నది ఫైలును తెరిచే సాఫ్ట్‌వేర్ ఇష్టం. విననివి బోలెడు. ఇదంతా ఎందుకనుకుంటే స్క్రీన్‌షాట్ ఉండనే ఉంది.

తెలుగు పుస్తకాలకైతే ఎవరూ కావాలని వేయని తాళం ఇంకొకటుంది. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేసిన పుస్తకం పీడీఎఫ్ నుంచి ఒక పేరా కాపీ చేసి వర్డ్‌లో పేస్ట్ చేయండి. తెలుగు మాయమై ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు కలగాపులగంగా పడతాయి. అది యూనికోడ్ (ఏ కంప్యూటరైనా తెలుగును తెలుగుగా గుర్తుపట్టే పద్ధతి) కాదు మరి. దీనివల్ల పైరసీ ఏమైనా తగ్గిందా? ఫైలును ఉన్నదున్నట్టు ఫార్వర్డ్ చేసేవాడికి అక్షరాలతో పనేముంది? దెబ్బ తిన్నది తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో చదువుకునే చూపులేని పాఠకులు. వికలాంగుల కోసం పుస్తకాన్ని వాళ్లకు అనువైన రూపంలోకి మార్చుకోవచ్చని 2012 సవరణలో కాపీరైట్ చట్టమే చెప్పింది.

అదే సవరణ 65ఎ సెక్షన్‌నూ తెచ్చింది. హక్కులు కాజేసే ఉద్దేశంతో డిజిటల్ తాళం పగలగొడితే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. బాగానే ఉంది, పగలగొట్టిందెవరో తెలిస్తే కదా!

అందుకే నా ఓటు వాటర్‌మార్క్‌కు. కొన్నవారి పేరో ఆర్డర్ నంబరో ప్రతి పేజీలో లేత రంగులో వేసి అమ్మడం. (ఫోన్ నంబరు వేయడం మాత్రం అన్యాయం.) 2012లో పాటర్‌మోర్ సైట్ హ్యారీ పోటర్ ఈ-బుక్స్‌ను ఇలాంటి గుర్తులతోనే అమ్మింది. గుర్తు చెరిపేసే ఘనులు ఉంటారు. కానీ మామూలు పాఠకుడు తన పేరున్న ఫైలును గ్రూపులో పడేసే ముందు కాస్త జంకుతాడు.

అయినా బయటికి పొక్కితే? ఒక కోచింగ్ టీచర్ వేసిన కేసులో 2022 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు, ఆమె పాఠాలు పంచుతున్న చానెళ్ల నిర్వాహకుల వివరాలు ఇవ్వాలని టెలిగ్రామ్‌ను ఆదేశించింది. కోర్టు దాకా వెళ్లకముందే ఇంకో దారి ఉంది. లింకు ఉంచిన సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, 2013 కాపీరైట్ నిబంధనల ప్రకారం 36 గంటల్లో దాన్ని అందకుండా చేయాలి. అయితే 21 రోజుల్లోగా కోర్టు ఆర్డరు తేకపోతే ఆ లింకు మళ్లీ తెరుచుకోవచ్చు. నూటయాభై రూపాయల పుస్తకానికి లాయర్ ఫీజు ఎవరు కట్టుకుంటారు? ప్రచురణకర్తలు ఎవరికి వారు పాస్‌వర్డ్‌లు మార్చుకుంటూ కూర్చునే బదులు, అందరి తరఫునా ఈ ఫిర్యాదులు చూసుకోవడానికి ఉమ్మడిగా ఒక లాయర్‌ను పెట్టుకోవచ్చు.