కారు టేపు మార్చించేటప్పుడు కంపెనీ వైరు కోయనివ్వకండి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కోరాపుట్, జయపురం... ఒడిశాలో ఇటేపున్న మన తెలుగువాళ్లందరికీ ఈ పోస్టు. పొడుగ్గానే ఉంటుంది. కారుతో వచ్చిన మ్యూజిక్ సిస్టమ్ తీయించి బయట ఆండ్రాయిడ్ స్క్రీను పెట్టించాలనుకుంటే మాత్రం షాపు మెట్లెక్కక ముందే ఓపిక చేసుకుని చదవండి.

షాపులో మాటంతా స్క్రీను చుట్టూనే తిరుగుతుంది. తొమ్మిదంగుళాలా పదంగుళాలా, ర్యామ్ రెండా నాలుగా, లైట్లు ఎన్ని రంగులు మారతాయి. ముందు అడగాల్సిన మాట ఇదీ: “నా కారు మోడలు కప్లరు నీ దగ్గర ఉందా? చూపించు.” కప్లరంటే ఒక చివర కంపెనీ సాకెట్టులో టక్కున కూర్చునే ప్లగ్గు, ఇంకో చివర కొత్త సెట్టుకి పోయే వైర్లు. కొన్ని వందల రూపాయల వస్తువు. అది లేని షాపులో మేస్త్రి కట్టర్ తీస్తాడు, కంపెనీ వైర్లు తెగ్గోస్తాడు, రాగి తీగలు వేళ్లతో మెలిపెట్టి నల్ల టేపు చుట్టేస్తాడు. పైన ఫ్రేము బిగించాక ఆ లోపలి పని ఎవరికీ కనపడదు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. వేలకి వేలు తీసుకుని కొన్ని వందల దగ్గర కక్కుర్తి పడతారు, ఆ కక్కుర్తికి బలయ్యేది కారు.

మే నెల ఎండలో డ్యాష్‌బోర్డు లోపల టేపు జిగురు కరిగి జారిపోతుంది. ఘాటీ రోడ్ల కుదుపుకి మెలి వదులవుతుంది. గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు సముద్రపు ఉప్పుగాలికి విప్పి ఉన్న రాగి పచ్చగా చిలుము పడుతుంది. చిలుము పట్టిన జాయింటు దగ్గర వోల్టేజి పడిపోతుంది, జాయింటు వేడెక్కుతుంది. అప్పుడే సెట్టు ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంది, ఒక వైపు స్పీకరు వచ్చిపోతుంటుంది. జనం స్క్రీను పాడైందనుకుని ఇంకో స్క్రీను కొంటారు. వారంటీలో ఉన్న కారైతే, రేపు ఎలక్ట్రికల్ సమస్య ఏదొచ్చినా తెగిన వైరును చూపించి తప్పించుకునే వీలు కంపెనీవాళ్లకి మనమే చేతికిచ్చినట్టు.

మనకి దూరం సమస్య కూడా ఉంది. విశాఖలో ఉండేవాడు మర్నాడే అదే షాపుకి వెళ్లి తగువు పెట్టుకోగలడు. జయపురం నుంచి విశాఖ 200 కిలోమీటర్ల పైనే, మధ్యలో సుంకి ఘాటీ. కప్లరుతో చేయించి ఉంటే కొత్త సెట్టు మొరాయించిన రోజున ఊళ్లో ఏ మెకానిక్కయినా దాన్ని ఊడదీసి పాత సెట్టు ప్లగ్గు పెట్టేస్తాడు, అరగంట పని. కోసిన వైరైతే ఏది దేనిదో తెలిసిన మనిషి 200 కిలోమీటర్ల అవతల ఉంటాడు.

ఇక వైర్ల సంగతి. బయట సెట్లలో పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండేది, నేరుగా బ్యాటరీది. ఎరుపు తాళం తిప్పితేనే వచ్చేది. నలుపు ఎర్తు. మేస్త్రి ఒడియావాడైతే హళదియా, నాలి, కళా అంటాడు, అంతే తేడా. పసుపు, ఎరుపు తారుమారైతే తాళం తీసిన ప్రతిసారీ గడియారం, స్టేషన్లు, సౌండు సెట్టింగులు అన్నీ చెరిగిపోతాయి, ఆండ్రాయిడ్ సెట్టు ప్రతిసారీ మొదట్నుంచి బూటవుతుంది. కొన్ని యూరప్ కంపెనీల కార్లలో కంపెనీ సాకెట్టులోనే ఈ రెండూ బయట సెట్టుతో పోలిస్తే తారుమారుగా ఉంటాయి కాబట్టి కప్లరు పెట్టినా సరే మీటరు పెట్టి చూడాలి.

ఇంతకంటే పెద్ద తప్పు ఇంకొకటుంది. ఎరుపుకి తాళం కరెంటు దొరక్క, రెండు వైర్లూ కలిపి బ్యాటరీ వైరుకే కట్టేయడం. సెట్టు బేగి వెలుగుతుంది, బిల్లు కట్టేసి వచ్చేస్తాం. తాళం తీసినా సెట్టు నిద్రపోదు. చిన్న కార్ల బ్యాటరీ సుమారు 35 ఆంపియర్ అవర్లు. సెట్టు లోపల్లోపల 350 మిల్లీ ఆంపియర్లు తాగుతుంటే 100 గంటల్లో మొత్తం ఖాళీ. స్టార్టరు తిరగనంత నీరసం అంతకంటే ముందే, రెండు మూడు రోజుల్లోనే వస్తుంది. పండక్కి ఊరెళ్లి నాలుగో రోజు వచ్చేసరికి కారు కదలదు.

దీన్ని షాపులోనే పట్టుకోవచ్చు. మల్టీమీటరు డీసీ వోల్టులో పెట్టించండి. తాళం తీసేసి చూస్తే పసుపు మీద 12 పైన ఉండాలి, ఎరుపు మీద సున్నా. తాళం తిప్పితే ఎరుపు మీద కూడా 12 రావాలి. ఇంజను నడుస్తుంటే రెండింటి మీదా 14కి అటూఇటూ. తర్వాత బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీసి, ఆ వైరుకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్యలో మీటరును ఆంపియర్ల సాకెట్టులో, 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి, తలుపులు మూసి, అరగంట ఆగి చూడాలి. మీటరు మధ్యలో ఉండగా తాళం తిప్పొద్దు, స్టార్టు చేయొద్దు, మీటరు ఫ్యూజు పోతుంది. 50 మిల్లీ ఆంపియర్ల లోపుంటే బెంగ లేదు. మీటరు లేదనే షాపులో కారు ఎక్కించకండి. కరెంటుందో లేదో బల్బు వెలిగి చూపించే టెస్ట్ ల్యాంపు చాలంటారు, చాలదు.

స్పీకర్ల దగ్గర సెట్టు ప్రాణం తీసే పొరపాటు ఒకటుంది. స్పీకరు నెగెటివు వైరును బాడీకి ఎర్తు చేయకూడదు. ఈ సెట్లలో ప్రతి స్పీకరుకీ రెండు వైర్ల మీదా సిగ్నల్ ఉంటుంది, ఒకటి బాడీకి తగిలితే లోపలి ఆంప్లిఫయర్ ఐసీ (చిప్పు) కాలిపోవచ్చు. తెలుపు వైరు ముందు ఎడమ స్పీకరుది, బూడిద రంగు ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. నల్ల చార ఉన్నది నెగెటివు. ఒక్క స్పీకరుకి ప్లస్సు మైనస్సు తిరగబడినా బేసు మాయమైపోతుంది, పాట బోలుగా వినిపిస్తుంది. అనుమానముంటే సెట్టు నుంచి విడదీసిన స్పీకరు వైర్లకి 1.5 వోల్టుల గడియారం సెల్లు ఒక్క క్షణం తగిలించండి. ప్లస్సుకి ప్లస్సు తగిలితే స్పీకరులో అదిరే కోను బయటికి వస్తుంది.

అట్టపెట్టె మీద “50 వాట్లు ఇంటూ 4” చూసి మురిసిపోకండి. 14.4 వోల్టుల మీద 4 ఓముల స్పీకరుకి ఈ రకం ఆంప్లిఫయరు లెక్క ప్రకారమే 26 వాట్లు దాటి శుభ్రమైన శబ్దం ఇవ్వలేదు, నిజంగా వచ్చేది 20 అటూఇటూ. నమ్మకం కుదరకపోతే సెట్టు వెనకున్న ఫ్యూజు చూడండి. 10 ఆంపియర్లుంటే లోపలికి పోయేదే 140 వాట్ల చిల్లర. 200 బయటికెలా వస్తుంది? ఆ ఫ్యూజు పోతే అంతకంటే పెద్దది వేయించొద్దు. ఎందుకు పోయిందో వెతకాలి.

నారింజ వైరు చాలామంది వదిలేస్తారు. హెడ్‌లైటు వేయగానే స్క్రీను వెలుగు తగ్గించేది అదే. రాత్రి ఘాటీ దిగేటప్పుడు ముఖం మీద తొమ్మిదంగుళాల తెల్లటి వెలుగు పడుతుంటే మలుపు కనపడదు. దాన్ని కట్టించుకోండి. హ్యాండ్‌బ్రేకు వైరును ఎర్తుకి కట్టేసి, బండి నడుస్తుండగా వీడియో వచ్చేలా ఉచితంగా చేసిపెడతామంటారు షాపువాళ్లు. వద్దని గట్టిగా చెప్పండి. ఎదురుగా లోడు లారీ వస్తున్న రోడ్డు మీద డ్రైవరు కళ్లముందు సినిమా ఏంటి?

రేడియో రావట్లేదని తిట్టుకునేవాళ్లలో చాలామందికి అసలు సమస్య యాంటెనా. కారు మీదున్న పొట్టి యాంటెనాకి చాలావాటిలో లోపల బూస్టరు ఉంటుంది, దానికి 12 వోల్టులు కావాలి. నీలం వైరు అందుకే. అది కట్టకపోతే పక్కనే ఉన్న స్టేషను కూడా బుసబుసలాడుతుంది, కొండల మధ్య ఇంక చెప్పక్కర్లేదు. జీపీఎస్ యాంటెనా వేరే ఉంటుంది. దాన్ని అద్దం కిందుగా ఆకాశం కనిపించే చోట, ప్లాస్టిక్కు కింద పెట్టించాలి. ఇనుప పట్టీ కిందకి తోసేస్తే పనికిరాదు. కోరాపుట్ దాటాక ఫోను సిగ్నలు పోతుంటుంది గాని జీపీఎస్‌కి సిగ్నలు అక్కర్లేదు, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే చాలు.

పని మొదలెట్టే ముందు తాళం తీసి, 10 నంబరు స్పానరుతో బ్యాటరీ నెగెటివు ఊడదీయాలి, కొద్ది నిమిషాలు ఆగాలి. మధ్య ప్యానెల్లో హజార్డ్ స్విచ్చు కనెక్టరు ఉంటుంది, కొన్ని కార్లలో ఎయిర్‌బ్యాగ్ సూచిక లైటు కనెక్టరు కూడా. అవి ఊడి ఉండగా తాళం తిప్పితే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి అలాగే ఉండిపోవచ్చు, కారు కంప్యూటరుకి తగిలించే స్కానరు లేనిదే పోదు. ప్యానెలు స్క్రూడ్రైవరుతో పొడవకుండా ప్లాస్టిక్ పనిముట్టుతో లేపాలి. కోరాపుట్ చలికాలం పొద్దున్న క్లిప్పులు పటుక్కున విరుగుతాయి, ఎండ కాసేపు తగలనివ్వండి. మైకు వైరు అద్దం పక్క స్తంభం గుండా లాగేటప్పుడు అక్కడ కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే దాని ముందు నుంచి పోనివ్వకూడదు.

అసలు మార్చకూడని కార్లూ ఉన్నాయి. ఏసీ సెట్టింగులు, 360 కెమెరా, కారు సెట్టింగులు కంపెనీ స్క్రీనులోనే ఉన్నవాటిని ముట్టుకోకండి. సౌండు బాగాలేదంటే ముందు డోరు స్పీకర్లు మార్చి, డోరు రేకుకి అదురు తగ్గించే డ్యాంపింగ్ షీటు వేయించండి. నా లెక్కలో ఆ డబ్బుకొచ్చే తేడా ఏ స్క్రీనూ ఇవ్వదు.

మార్చించినవాళ్లు పాత సెట్టు షాపులో వదిలేసి రాకండి, ఎక్స్చేంజ్ కింద ఎంతో కొంత ఇస్తామన్నా సరే. స్క్రూలు, పాత ఫ్రేము, బ్రాకెట్లు ఒకే సంచిలో వేసి, కారు నంబరు రాసి, ఇంట్లో చెమ్మ తగలని చోట పెట్టండి. బిల్లు మీద కప్లరు పేరు కూడా రాయించుకుని ఆ సంచిలోనే వేయండి.